పేన్ శబ్దము: పుట్టుక, అర్థము, అనువాదము

గోండీ భాషలో ‘పేన్’ అను చిన్న మాట యొకటి కలదు. బస్తరు అడవులలోని మురియాలు, మాడియాలు మొదలుకొని ఆదిలాబాదు రాజగోండుల వరకు గోండీ మాటలాడువారు దీనిని ఎరుగుదురు. హిందీవారు దీనిని ‘దేవ్’ అనిరి. ఆంగ్లేయులు ‘గాడ్’ అనిరి. తెలుగులో వ్రాయువారు ఆ రెండింటిని చూచి ‘దేవుడు’ అని వ్రాయుచు వచ్చిరి. నిఘంటువున కిది చాలును. గోండుల కథలను, పాటలను తెలుగులో చదువగోరు పాఠకునకు మాత్రము చాలదు. ఏలయనగా, ‘దేవుడు’ అను మాట చెవిని పడగానే తెలుగువాని మనస్సులో గర్భగుడియు, విగ్రహమును, అర్చకుడును, సహస్రనామములును మెదలును. పేన్ అన్నప్పుడు బస్తరువాని మనస్సులో మెదలునది వేరు.

ఆ భేద మెంతటిదో తెలిసికొనుటకు కేశకాలునకు పోవలెను. కాంకేరు నుండి జగదల్‌పురమునకు పోవు త్రోవలో, కేశకాలు కనుమపై, భంగారామ్ దేవి స్థానము కలదు. ఏటేట భాద్రపదములో ఒక శనివారమునాడు చుట్టుప్రక్కల గ్రామముల దేవతలను ఆమె ఎదుటికి మోసికొని వత్తురు. వచ్చినది మ్రొక్కుటకు మాత్రమే కాదు, తీర్పు వినుటకును. పంట నిచ్చెదనని మేకను పుచ్చుకొని పంట నీయని పేన్ మీద, ఊరిలో రోగము పుట్టుచుండగా పలుకక ఊరకున్న పేన్ మీద ఊరివారు ఫిర్యాదు చేయుదురు. వాదము నడుచును. నేరము నిలిచినచో శిక్ష పడును. శిక్షపడిన దేవతను ఊరికి తిరిగి తీసికొని పోరు, అక్కడనే వదలి వత్తురు. తప్పు దిద్దుకొన్న పిదప కొందరికి విడుదలయు కలదందురు. భంగారామ్ దేవి చెంత ‘ఖాన్ దేవ్’ అను మరియొక స్థానము కూడ నున్నది. నాగపురము నుండి వచ్చి మహమ్మారి కాలములో రోగులకు చికిత్స చేసిన ఒక ముస్లిము వైద్యుడే మరణానంతరము అట్లు వెలసెనని స్థలకథ.

ఈ దృశ్యమును తెలుగులో వర్ణింపబూనిన వానికి మొదటి వాక్యముననే చిక్కు వచ్చును. ‘ఊరివారు దేవుని బోనులో నిలిపిరి’ అని వ్రాసినచో చదువరి నవ్వును, లేదా నొచ్చుకొనును. ఆ రెండును బస్తరువానికి కలుగని భావములు. అతడు నవ్వుట లేదు. దైవదూషణ చేయుటయు లేదు. పేన్ అనునది తనతో ఒప్పందము చేసికొన్న శక్తి. ఒప్పందము తప్పినవాడు మనుష్యుడైనను, పేన్ అయినను, పంచాయతీకి రావలసినదే. నిందాస్తుతి మనకు క్రొత్త గాదు. రామదాసు చెరసాలలో రాముని దెప్పిపొడిచినట్లు కథ వినని తెలుగువాడు లేడు. కాని రామదాసు నింద ప్రేమచేత పుట్టినది. దాని వెనుక రామునకు శిక్ష వేయగల న్యాయస్థానము లేదు. కేశకాలులో ఉన్నది.

పేన్ రూపము నైనను చూతము. బస్తరులో మిక్కిలి పేరుగన్నది ఆంగాపేన్. సమాంతరముగ నుంచిన దుంగలను అడ్డుకొయ్యలతో బిగించి కట్టి, నడిమికొయ్య కొనను తలవలె ముందుకు సాచి, వెండిరేకులతోను నెమలి యీకలతోను అలంకరింతురు. దానిని నలుగురు భుజములపై నెత్తుకొందురు. ఎత్తిన పిమ్మట అది నిలువదు. ఊగును, తూలును, పరుగెత్తును, ఒక ఇంటి వాకిట తలవంచి నేలను గీరును. ప్రశ్న అడిగినచో ఆ కదలికయే జవాబు. మోయువారు తాము నడుచుట లేదనియు, అది తమ్ము నడుపుచున్నదనియు చెప్పుదురు. ఆంగ్ల మానవశాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ జెల్ 1980లో ప్రకటించిన ఒక వ్యాసములో మురియాల దేవతలను గూర్చి వ్రాయుచు, ఊయెల యూగుట, తలతిరుగుట, అదుపు తప్పుట అను అనుభవములలోనే వారికి దైవము తెలియవచ్చునని వివరించెను. ఇది సరియైన పరిశీలనము. మన దేవుడు ప్రధానముగ దర్శనమిచ్చువాడు. పేన్ భుజముమీద బరువై, కాలిలో తూలుడై తెలియునది. గుడిలో కన్నులు చేయు పనిని అక్కడ వెన్నెముక చేయును.

ఇక మాట పుట్టుక. తెలుగు చెవికి ‘పేన్’ అనగానే తలలోని పేను తోచును. ఆ తలంపును మొదటనే విడిచిపెట్టుట మేలు. ధ్వని కలిసినంతనే చుట్టరికము కలియదు. చుట్టరికము వేరొక చోట, ఎవరును వెదుకని చోట, దొరకినది. బరో, ఎమెనో పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో తొలిసారి వెలువడి 1984లో సవరింపబడినది. అందు గోండీ ‘పేన్’, కూయి కువి భాషల ‘పేను’, తమిళ మలయాళముల ‘పేయ్’ ఒక కుదురున చేర్పబడినవి. తమిళమున పేయ్ అనగా దయ్యము, పిశాచము; పిచ్చియు నగును. మలయాళమున పిచ్చికుక్కను చెప్పు మాటలో ఈ ‘పే’ యే ఉన్నది. అనగా కావేరీ తీరమున తల్లి బిడ్డను భయపెట్టుటకు వాడు మాటతోనే ఇంద్రావతీ తీరమున తల్లి బిడ్డను కాపాడుమని మ్రొక్కుచున్నది.

ఇట్టి తారుమారు భాషాలోకమున వింత కాదు. మన ‘దేవ’ శబ్దము ఇరానీయుల అవెస్తాలో ‘దఏవ’ యై దుష్టశక్తిని చెప్పినది. గ్రీకుల ‘దైమోన్’ ఒకప్పుడు మంచిచెడులు రెంటికి పొత్తైన శక్తి. క్రైస్తవము వచ్చిన పిదప అదియే దయ్యమైనది. తుళునాట ‘భూతము’ నేటికిని కోలమాడించి పూజింపబడు దైవము. మనకు భూతము భయము. ఇట్టి చోటుల సాధారణముగ చెప్పెడి కారణము ఒకటి కలదు: ఒక మతము మరియొక మతమును గెలిచినప్పుడు ఓడినవారి దేవుడు గెలిచినవారికి దయ్యమగునని. చెప్పుట కిది తేలిక. పేన్ విషయమున మాత్రము అంత తేలికగా పొసగదు. తమిళులు గోండులను గెలువలేదు. గోండులు తమిళులను గెలువలేదు. ఒకే మూలము నుండి రెండు త్రోవలు చీలినవి. కాబట్టి అడుగవలసినది, ఆ మూలమున ఏ యర్థ ముండెనని.

దీనికి తమిళ ప్రాచీనతయే కొంత వెలు గిచ్చుచున్నది. తొల్కాప్పియము శబ్దార్థములను చెప్పు ఉరియియల్‌లో పే, నామ్, ఉరుమ్ అను మూడు మాటలకు భయమే అర్థమని విధించినది. అందు ‘పే’ పిశాచము కాదు, దేవుడును కాదు, కేవలము భయము. వెంట్రుకలు నిక్క బొడుచుకొనునట్టి, అడవిలో ఒంటరిగ నుండగా వెనుకనుండి ఎవరో చూచుచున్నట్లు తోచునట్టి భయము. ఆ భయమును కలిగించునది పేయ్ అయినది, పేన్ అయినది. దానికి ఎదురుతిరిగి తలుపు మూసికొన్న వారికి అది పిశాచము. దానిని భుజమున కెత్తుకొన్నవారికి అది తమ వంశమును కాచు శక్తి. ఈ యూహ సిద్ధాంతము కాదు గాని, ఉన్న సాక్ష్యములకు ఇంతకన్న తగినది కనబడదు.

తమిళములోనే మరియొక వాడుక దీనిని బలపరచును. అడవిలో మొలచు చెరకు ‘పేయ్‌క్కరుంబు’, ఊరి పొట్లకాయకు అడవి తోబుట్టువు ‘పేయ్‌ప్పుడల్’, కుంభవృష్టి ‘పేయ్‌మళై’. ఇందు పేయ్ అనగా మనుష్యుడు నాటనిది, కొలువనిది, అదుపులో లేనిది. పొలము గట్టున నిలిచి అడవివైపు చూచువాని మాట ఇది. గట్టునకు ఆవలివాడు అదే శక్తిని ఏమని పిలుచునో గోండీ చెప్పుచున్నది.

తమిళదేశమున సైతము ఈ మాట పూర్తిగా క్రిందికి జారిపోలేదు. సుమారు 6వ శతాబ్దిలో నుండిన కారైక్కాల్ అమ్మైయార్ తన పద్యములలో తన్ను తాను ‘కారైక్కాల్ పేయ్’ అని చెప్పుకొన్నది. అందమును, సంసారమును త్యజించి, ఎముకల గూడైన రూపమును కోరి పొంది, తిరువాలంగాడు శ్మశానమున శివుని తాండవమునకు పాట పాడిన ఆ తల్లికి పేయ్ అనిపించుకొనుట అవమానము కాదు, బిరుదు. శివుని చెంతకు చేరుటకు మనుష్యత్వము అడ్డు వచ్చినప్పుడు ఆమె ఎన్నుకొన్న పదవి అది. వైష్ణవులలో మొదటి మువ్వురాళ్వారులలో ఒకరు పేయాళ్వారు. భగవదావేశముచేత ఉన్మత్తుని వలె నుండుటచేత ఆ పేరు వచ్చినదందురు. ఇక్కడ ఒక చిన్న సంగతి గమనింపదగినది. ఆయన తోడివాడైన పూదత్తాళ్వారును సంస్కృతమున ‘భూత’ శబ్దముతోనే స్మరించిరి; పేయాళ్వారును మాత్రము ‘మహదాహ్వయుడు’, అనగా గొప్ప పేరు గలవాడు, అనిరి. ఆ మహనీయుని పిశాచ పర్యాయముతో పిలుచుటకు సంస్కృత కవికి నోరాడలేదు కాబోలు. పేయ్ శబ్దమునకు అనువాదకులు తడబడుట అప్పుడే మొదలైనది.

మరి తెలుగు సంగతి యేమి? భాషాకుటుంబ వృక్షములో తెలుగు తమిళమునకు కన్న గోండీకే దగ్గర. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును, గోండీని, కూయి కువి కొండ భాషలను కలిపి ఒకే ఉపశాఖగా నిరూపించిరి. ఆ లెక్కన పేన్ తోబుట్టువు తెలుగింట నుండవలసినది. వాడుకలోని తెలుగులో అది కానరాదు. దూరపు చుట్టము దాచుకొన్న నగను దగ్గరి చుట్టము పోగొట్టుకొన్నట్లయినది. దాని స్థానమున మనకు రెండు మాటలు మిగిలినవి, రెండును ఈ చర్చకు పనికివచ్చునవే.

మొదటిది ‘దయ్యము’. ఇది సంస్కృత ‘దైవము’ నకు తద్భవము. ప్రాచీన కవుల రచనలలో దయ్య మనగా దైవమే, విధియే. దయ్యము మేలు చేసెననియు, దయ్యము ప్రతికూలించెననియు వారు సంకోచము లేకుండ వ్రాసిరి. కాలక్రమమున తత్సమము గుడిలోనికి పోయినది, తద్భవము చింతచెట్టెక్కినది. నేటి తెలుగువానికి దైవము దయ్యము ఒకే మాటయని చెప్పినచో నమ్మడు. తమిళ గోండీలు రెండు భాషలుగా విడిపోయి చేసిన పనిని తెలుగు ఒక్కటియే, తన నోటిలోనే, చేసినది.

రెండవది ‘వేల్పు’. ఇది ‘వేల్చు’ అను క్రియతో ముడివడిన అచ్చతెలుగు మాట: అగ్నిలో హవిస్సు వేల్చబడుట దేనికో అది వేల్పు. పొత్తముల తెలుగులో ఇది వన్నె తగ్గి, ‘దేవతలు’ అనుటకు పద్యములో గణము కుదరనప్పుడు వాడు మాటగా మిగిలినది. కాని ‘ఇలవేల్పు’ అను సమాసములో నేటికిని జీవించియున్నది. గోదావరి తీరపు కోయలకు ఈ మాట ప్రాణప్రదము. గట్టుగట్టునకు, వంశవంశమునకు వారి వేల్పు వేరు, ఆ వేల్పునకు పడిగె వేరు, కథ వేరు. ఆదిలాబాదు రాజగోండుల పెర్సాపేన్ కూడ ఇట్టిదే. క్రిష్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1948లో ప్రకటించిన గ్రంథమున దానిని వివరించెను. చామరమును, ఇనుప ఈటెమొనయు దాని గుర్తులు, విగ్రహము లేదు. ‘పెర్సా’ అనగా పెద్ద. పెర్సాపేన్ జగత్తున కంతకు పెద్ద కాదు. ఆ వంశమునకు పెద్ద. చనిపోయినవారు దానియందు కలిసికొందురు.

వ్యాకరణము కూడ ఒక మాట చెప్పుచున్నది. తెలుగు దేవునకు ‘డు’ తప్పదు. ఆ ప్రత్యయముతో అతడు మహద్వర్గమున చేరి పురుషుడగును. గోండులు తమ్ము తాము ‘కోయ్‌తోర్’ అందురు; అందలి రేఫము మనుష్యబహువచనమునకు గుర్తు. పేన్‌కు బహువచనము ‘పేంక్’. చెట్టుచేమలకు, పశుపక్ష్యాదులకు వచ్చు కకారమే దీనికిని వచ్చినది. అయితే దీనిమీద పెద్ద సిద్ధాంతము కట్టరాదు; కొడుకును చెప్పు ‘మర్రి’ శబ్దమునకు కూడ బహువచనము ‘మర్క్’ అనియే ఉన్నది. సిద్ధాంతము రాకున్నను అనువాదకునకు సూచన యొకటి వచ్చినది. తెలుగు ‘వేల్పు’ నకు ‘డు’ లేదు. అది స్త్రీయో, పురుషుడో, దుంగయో, కొండయో ముందుగా తేల్చి చెప్పనక్కరలేదు. ఆ యొక్క కారణముచేతనైనను ‘పేన్’ను తెనిగింపవలసి వచ్చినప్పుడు ‘దేవుడు’ కన్న ‘వేల్పు’ మేలు. వీలైన చోట పేన్ అనియే ఉంచుట అంతకన్న మేలు.

ఇట్టి సమస్యను పాశ్చాత్య పండితులు నైలునది యొడ్డున ఎదుర్కొనిరి. ప్రాచీన ఐగుప్తులో దేవతావాచకముగ పండితులు గుర్తించిన మాటకు ‘న-చ-ర’ అను మూడు హల్లులు మాత్రమే దొరకినవి. అచ్చులు వ్రాయుట ఆ లిపిలో లేదు గనుక, పలుకుటకు ‘నెచెర్’ అని కల్పించుకొనిరి. దాని గుర్తు ఒక కొయ్య, ఆ కొయ్యకు చుట్టిన బట్ట. క్రీస్తునకు పూర్వము 196లో చెక్కిన రొసెట్టా శిలపై గ్రీకు పాఠము దానిని ‘థెయోస్’ అని అనువదించినది. 1822లో షాంపోల్యోన్ ఆ లిపి గుట్టు విప్పిన పిదప ఐరోపా భాషలన్నియు ఆ గ్రీకు త్రోవనే పోయినవి. కాని లోతునకు దిగినకొలది అనుమానములు పెరిగినవి. నెచెర్ అనగా రాజునకును చెల్లును. చనిపోయిన వానికిని చెల్లును. జోసెర్ రాజునకు మంత్రియైన ఇంహోటెప్ చనిపోయిన రెండువేల యేండ్లకు పైబడి రోగములు మాన్పు దైవమై, గ్రీకుల చేత వారి వైద్యదేవతతో సమానముగ నెంచబడెను. ఖాన్ దేవ్‌ను చూచిన బస్తరువానికి ఇంహోటెప్ కథ చెప్పినచో ఆశ్చర్యపడడు. నెచెర్ వ్యుత్పత్తి నేటికిని తేలలేదు. శవములను భద్రపరచుటకు వాడిన నేట్రాన్ ఉప్పు పేరుతో దానిని కలిపిరి. అదియు నిలకడగా నిలువలేదు.

ఐగుప్తు పండితునకు లేనిది, బస్తరు పండితునకు ఉన్నది ఒకటి కలదు. నెచెర్‌ను పలికిన నోరు మూతపడినది. పేన్‌ను పలుకు నోరు నేటికిని పలుకుచున్నది. అడిగి తెలిసికొనుటకు వీలున్న మాటను అడుగకయే అనువదించుట ఈ కథలో విచారింపదగిన భాగము.

మొదటి అనువాదము బస్తరు లోపలనే జరిగినది. అక్కడి సంతభాష హల్బీ. అది ఆర్యభాష, గోండీవాడు, ధుర్వావాడు, భత్రావాడు సంతలో కలిసికొన్నప్పుడు అదియే మాటలాడుదురు. హల్బీలో పేన్ ‘దేవ్’ అయినది, ఆంగాపేన్ ‘ఆంగాదేవ్’ అయినది. ఓరుగల్లు పడిన తరువాత కాకతీయ వంశ్యుడైన అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యము నిలిపెనని బస్తరు రాజవంశపు పరంపర. వారి కులదేవత దంతేశ్వరి. డెబ్బదియైదు దినములు సాగు జగదల్‌పురపు దసరాకు ఊరూరి పేంక్‌లు తరలివచ్చి దంతేశ్వరి కొలువున నిలుచును. అడవిలో స్వతంత్రముగ నుండిన శక్తి రాజధానికి వచ్చునప్పటికి సామంతుడైనది. దేవ్ అను మాట ఆ సామంతునకు తొడిగిన కుళ్లాయి. అయినను అందు మోసము లేదు. రెండు భాషలును తెలిసినవాడు తొడిగినది అది. ఇంటికి పోయి తీసివేయుట ఎట్లో వానికి తెలియును.

తరువాతి అనువాదకులు ఆ రెండు భాషలవారు కారు. కోంధుల దేశమున నరబలిని మాన్పుటకు నియుక్తుడైన మాక్‌ఫర్సన్ 1840 ప్రాంతముల బూరాపెన్ను, తారిపెన్ను అను పేర్లను విని, ఒకరు జ్యోతికి దేవుడనియు, మరియొకరు భూమికి దేవతయనియు విభజించి, వారి యుద్ధమును ఒక పురాణముగ తీర్చి వ్రాసెను. చదువుచుండగా అందు కోంధుని గొంతుకన్న బైబిలు చదివిన స్కాచివాని గొంతే హెచ్చుగ వినవచ్చును. నాగపురమునందలి మతప్రచారకుడు స్టీఫెన్ హిస్లాప్ అట్లు చేయలేదు. ఒక పరధాను నోట లింగో పాటను గోండీలోనే వ్రాయించుకొని, మాటకు మాట అర్థము పెట్టుకొనెను. 1863లో అతడు ఏటిలో మునిగి మరణింపగా, రిచర్డ్ టెంపుల్ ఆ కాగితములను 1866లో అచ్చు వేయించెను. గోండుల సాహిత్యమునకు అచ్చులో దొరకిన తొలి విశేషపాఠము అదియే యనవచ్చును. మూలము ప్రక్కన నుండుటచేత, అతడు పేన్‌ను దేవుడన్న చోటులయందు కూడ చదువరి సరిచూచుకొనగలడు. అనువాదకునకు అంతకు మించిన నిజాయితీ వేరొకటి లేదు.

1927 మొదలు కొన్నియేండ్లు బస్తరు రాజ్యమునకు పాలనాధికారిగ నుండిన గ్రిగ్‌సన్ 1938లో మాడియాలను గూర్చియు, వెరియర్ ఎల్విన్ 1947లో మురియాలను గూర్చియు పెద్ద గ్రంథములు వ్రాసిరి. ఎల్విన్ సాహిత్య అకాడమీ బహుమానమునకు 1965లో, మరణించిన మరుసటి యేట, పాత్రుడైన రచయిత. అతని వచనము చక్కనిది. ‘లింగోపేన్’ అను పేరును అతడు విడదీయక వాడెను. లింగో మురియాలకు గోటులును నేర్పినవాడు, పదునెనిమిది వాద్యములను ఒక్కసారి వాయించినవాడు. అయినను పేన్ పేరు నుండి విడివడి ఒంటరిగ వచ్చినచోట ఎల్విన్ వంటివానికిని దేవతావాచకమైన ఆంగ్లపదమే శరణ్యమైనది. ఆ గ్రంథముల ద్వారమున బస్తరును తెలిసికొన్న మన భాషలన్నింటికిని ఆ మాటయే దిగుమతియైనది. బ్రిటిషు కాలపు జనగణనలలో ‘ఆనిమిస్టు’ అను గడి యొకటి ఉండెను. ఆ గడిలో పడినవానికి దేవుడు లేడని కొందరును, ఉన్నది దయ్యమని కొందరును, వాడు హిందువేయని మరి కొందరును వాదించిరి. వాదించిన మువ్వురిలో ఎవరును పేన్ అనగా నేమియని మురియావానిని అడిగినట్లు తోచదు.

ఇదంతయు పండితుల తగవు మాత్రమేయైనచో ఇంతగా చెప్పనక్కర లేకుండెను. ఒరిస్సాలో నియమగిరి మీద బాక్సైటు గని విషయమున 2013 ఏప్రిలు 18న సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, ఆ కొండపై డోంగ్రియా కోంధులకు గల మతపరమైన హక్కులను గ్రామసభలే నిర్ణయింపవలెనని ఆదేశించినది. పండ్రెండు గ్రామసభలును ఆ యేటనే గనిని నిరాకరించినవి. 2019 జూనులో బస్తరులోనే, బైలదిల్లా పర్వతశ్రేణిలోని నందరాజ కొండను ఇనుపగనికై త్రవ్వరాదని వేలకొలది ఆదివాసులు కిరందుల్‌లో దినములకొలది బైఠాయించిరి. ప్రభుత్వము పనులు నిలుపవలసి వచ్చినది. వార్తాపత్రికలు దానిని ‘దేవుడు నివసించు కొండ’ యని వ్రాసినవి. ఆ చిన్న వాక్యములో ఎంత పోయినదో చూడవలెను. దేవుడు కొండపై నివసించువాడైనచో అతనికి మరియొక కొండపై మరింత మంచి గుడి కట్టింపవచ్చును. ఆనకట్టల క్రింద మునిగిన ఊళ్ల దేవాలయములను రాయి రాయిగా విప్పి మిట్టకు చేర్చుట మనము కృష్ణాతీరమున చూచినదే. పేన్ కొండలో కాపురమున్నవాడు కాదు, కొండయే పేన్. దానిని తరలించు యంత్రము లేదు. తెలుగులో ‘కొండదేవుడు’ అన్నను ఈ భేదము దొరకదు. ‘కొండవేల్పు’ అన్నచో కొంత దొరకును.

ఇంతవరకు చెప్పినది పేన్‌ను పైవా రెట్లు పలికిరనునది. ఇటీవల గోండులలోనే చదువరులు, రచయితలు బయలుదేరి ఆ మాటను తామే వివరించుచున్నారు. నాగపురమున నుండిన మోతీరావణ్ కంగాలీ (1949–2015) ‘కోయాపునేమ్’ అను పేర గోండుల ధర్మమునకు ఒక దర్శనరూపము కల్పించెను. అందు ఫడాపేన్ వంశమునకు మాత్రమే పెద్ద కాదు. ‘సల్లా’, ‘గాంగ్రా’ అను పరస్పర విరుద్ధ శక్తుల కలయికచే సృష్టిని నడుపు పరమతత్త్వము. పరిశోధకులలో కొందరు ఇది క్రొత్త కల్పనయని పెదవి విరుతురు. క్రొత్తదే కావచ్చును. ఐగుప్తులో రాజులకును, మృతులకును, మొసళ్లకును చెల్లిన నెచెర్ శబ్దము కాప్టిక్ భాషలో ‘నూతె’ యై క్రైస్తవుల ఏకేశ్వరునకు పేరైనప్పుడు అదియు క్రొత్తయే. అక్కడ ఆ మార్పు నెట్లు జరిగినదో చూచి చెప్పుటకు ఎవరును మిగులలేదు. ఇక్కడ ఒకే మాటకు రెండర్థములును ఏకకాలమున వినవచ్చుచున్నవి: సభావేదికపై ఫడాపేన్ సృష్టికారణము, కేశకాలు కనుమపై, భాద్రపద శనివారమునాడు, నెమలియీకల ఆంగ యొకటి తన ఊరిలో వాన యేల కురియలేదో సంజాయిషీ చెప్పుకొనుటకు నలుగురి భుజములపై ఊగుచు తన వంతుకై వేచియున్నది.